పాములంటే ప్రాణం పెట్టే పిల్లాడికి ఇంట్లో పాము తెచ్చివ్వవచ్చా?

విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల బాబుకి 13 ఏళ్లు. ఐదో ఏటి నుంచీ పాములంటే ప్రాణం. బొమ్మలు వేస్తాడు, వీడియోలు చూస్తాడు, ఇప్పుడు ఒక పాముని పెంచుకుంటానని పట్టుబట్టి కూర్చున్నాడు. ఫోన్‌లో ఎవరో బాల్ పైథాన్ అనే విదేశీ పాము పిల్లని 25,000 రూపాయలకు ఇస్తామంటున్నారట. పోయిన నెల ఏలూరు కాలువ గట్టున పసుపూ నలుపూ గళ్లున్న పాము కనిపిస్తే చేత్తో పట్టుకోబోయాడట. అత్తగారేమో ఇదంతా నాగదోషం, పూజ చేయించమంటున్నారు. పాము పెంచుకోనివ్వాలా, అసలు ఈ ఇష్టాన్నే మాన్పించాలా అని ఆ తల్లి అడిగారు.

అమ్మా, ముందు జవాబు చెప్పేసి తర్వాత వివరాల్లోకి వెళ్తాను. మన నేల మీద పుట్టే పాముల్లో దేన్నీ ఇంట్లో పెంచకూడదు, చట్టం ఒప్పుకోదు. విదేశీ పాముల్ని కాగితాలన్నీ సరిగ్గా ఉంటే పెంచవచ్చు, కానీ 13 ఏళ్ల పిల్లాడి కోసం, బెజవాడ ఎండల్లో, ఇప్పుడు మాత్రం వద్దు. బాబు ఇష్టాన్ని మాన్పించకండి. ఆ ఇష్టానికి పాము ఇంట్లో ఉండక్కర్లేదు. ఎలాగో కింద చెప్తాను.

నేను గుంటూరు ఏటుకూరు రోడ్డులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఎలక్ట్రికల్ పని చూస్తాను. వయసు 58. ముప్పై ఏళ్లకు పైగా ఇళ్లలోకీ గోడౌన్లలోకీ వచ్చిన పాముల్ని పట్టి, అటవీ శాఖ వాళ్లకు చెప్పి, వదిలిపెట్టే పని చేస్తున్నాను. డబ్బు తీసుకోను. చూసిన ప్రతి పామునీ తేదీతో సహా రాసుకుంటాను, అలా పదకొండు నోటు పుస్తకాలు నిండాయి. నేనూ మీ బాబు లాంటి పిల్లాణ్నే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది తెనాలి దగ్గర పల్లె. ఐదో తరగతిలో ఉండగా పంట కాలువలో వల వేస్తే చేపలతో పాటు ఒక నీరుకట్ట పాము చిక్కింది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పాత ధాన్యపు కుండలో వేసి, పైన పలక పెట్టి, పశువుల కొట్టంలో దాచాను. రోజూ బడి నుంచి వచ్చి గిన్నెలో పాలు పోసేవాణ్ని. నాగుల చవితికి పుట్టలో పాలు పోయడం చూసి, పాములు తాగేది అదే అనుకున్నాను. అన్నం ముద్ద కూడా పెట్టాను. అది ఏదీ ముట్టలేదు. పదకొండో రోజు పలక తీసేసరికి కదలకుండా పడి ఉంది. పాము నీళ్లు తాగుతుంది, పాలు దాని ఆహారం కాదు. నీరుకట్ట తినేది చేపలు, కప్పలు. దానికి కావలసిన తిండి పక్క కాలువలోనే ఉంది, నేను దాన్ని అక్కడి నుంచి తెచ్చి కుండలో ఆకలితో చంపాను. ఇది జరిగి దాదాపు యాభై ఏళ్లయింది. ఆ కుండ మూత తీసిన సాయంత్రం ఇప్పటికీ నాకు గుర్తుంది. మీ బాబుకి ఈ సంగతి చెప్పండి.

చట్టం సంగతి

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన పాములకు రక్షణ ఉంది. పట్టడం, పెంచడం, అమ్మడం, చంపడం అన్నీ నేరాలే. కొండచిలువ లాంటివి మొదటి షెడ్యూల్‌లో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలో ఉన్నాయి, వాటి విషయంలో నేరం రుజువైతే మూడు నుంచి ఏడేళ్ల జైలు. విషం లేని పామే కదా, బుజ్జి పిల్లే కదా అన్నది అక్కడ చెల్లదు. (చాలా ఇళ్లలో పంజరంలో కనిపించే రామచిలుకకు కూడా ఇదే చట్టం వర్తిస్తుంది. ఆ మాట ఎవరూ పట్టించుకోరు.) నాలాంటివాళ్లు ఇళ్లలో పాముల్ని పట్టినా అటవీ శాఖకు తెలిసే పట్టాలి, పట్టినదాన్ని ఇంటికి తెచ్చుకోకూడదు.

రెండు తలల పాము పేరుతో వచ్చే ఫోన్లను కూడా నమ్మకండి. అది మెత్తటి మట్టిలో దూరి బతికే, విషం లేని సాధు జీవి. తోక మొద్దుగా ఉండి తలలాగే కనిపిస్తుంది, అంతకుమించి రెండో తల ఏమీ లేదు. లక్షలు పలుకుతుందని, ఇంట్లో ఉంటే కలిసొస్తుందని చెప్పి అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఇద్దరూ జైలుకెళ్లిన కేసులు మన రాష్ట్రంలో ఉన్నాయి.

ఇక మీరు అడిగిన బాల్ పైథాన్. అది ఆఫ్రికా పాము. విదేశీ జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం ఒకటుంది, సైటిస్ అంటారు. బాల్ పైథాన్ ఆ జాబితాలో ఉంది. 2022లో మన చట్టాన్ని సవరించి ఆ జాబితాలోని జంతువుల్ని నాలుగో షెడ్యూల్‌గా చేర్చారు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం ఇలాంటి జంతువు మన చేతికి వస్తే కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్‌లో రిజిస్టర్ చేయించాలి. అది చనిపోయినా, పిల్లలు పెట్టినా, ఇంకొకరికి ఇచ్చినా తెలియజేయాలి. కాబట్టి అమ్మేవాణ్ని ఒకటే అడగండి: ఈ పాము నీ పేరు మీద రిజిస్టర్ అయి ఉందా, ఆ కాగితం చూపిస్తావా? నా అనుభవంలో ఈ ప్రశ్న వేసిన తర్వాత ఎక్కువమంది మళ్లీ ఫోన్ ఎత్తరు. బ్యాంకాక్ నుంచి వచ్చిన సామానులో బాల్ పైథాన్లు దొరికాయని చెన్నై ఎయిర్‌పోర్టు నుంచి వార్తలు వస్తూనే ఉంటాయి. గుడ్డ సంచుల్లో కుక్కి, సూట్‌కేసుల్లో బట్టల మధ్య పెట్టి తెస్తారు. అలా వచ్చిన పిల్ల మీ ఇంటికి చేరితే, మీ బాబు ప్రేమగా చూసుకునేది అసలు దారిలోనే సగం చచ్చి వచ్చిన ప్రాణిని.

సరే, కాగితాలన్నీ ఉన్నాయనుకుందాం. అప్పుడైనా ఎందుకు వద్దంటున్నాను?

మూడు నాలుగేళ్ల కిందట బెంజి సర్కిల్ దగ్గర ఉండే ఒక కుర్రాడు నాకు ఫోన్ చేశాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మంచి పిల్లాడు. బాల్ పైథాన్ తెచ్చుకున్నాడు. అది రెండు నెలలుగా తినడం లేదని, ఎప్పుడూ నీళ్ల తొట్టిలోనే పడుకుంటోందని భయపడుతున్నాడు. వెళ్లి చూశాను. గాజు పెట్టె బాగుంది, కింద వేడినిచ్చే ప్యాడ్ ఉంది, వీడియోల్లో చెప్పినవన్నీ కొన్నాడు. ఆ వీడియోలు తీసినవాళ్లు చలి దేశాల్లో ఉన్నారు. వాళ్ల బాధంతా పాముకి వేడి ఎలా ఇవ్వాలన్నది. మన బాధ తిరగబడి ఉంటుంది. ఈ పాముకి పెట్టెలో ఒక పక్క 31, 32 డిగ్రీలు, రెండో పక్క 26, 27 డిగ్రీలు ఉండాలి. వేడి కావాలంటే అటు, చల్లదనం కావాలంటే ఇటు జరుగుతుంది, తన ఒంటిని అలా సర్దుకుంటుంది. ఆ కుర్రాడిది పై అంతస్తు ఇల్లు, అది మే నెల. నేను తీసుకెళ్లిన థర్మామీటరు పెట్టెలో చల్లటి మూలలోనే 36 చూపించింది. పగలు ఏసీ ఆపి ఆఫీసుకి వెళ్తున్నాడు. పాము నీళ్లలోంచి బయటికి రాకపోవడం జబ్బు వల్ల అనుకున్నాడు, అది ఎండ నుంచి తప్పించుకుంటోంది. 

ఏసీ వేసి ఉంచమన్నాను, ఉంచాడు కూడా. కానీ అప్పటికే ఆలస్యమైంది. రోజుల తరబడి తడిలో ఉండి ఊపిరితిత్తులకు పట్టేసింది, నోరు తెరిచి ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టింది. కుక్కలకీ పశువులకీ మన దగ్గర మంచి డాక్టర్లు ఉన్నారు. పాముకి ఎంత మందు, ఎక్కడ సూది వేయాలో చేసి చూసినవాళ్లు దొరకడం కష్టం. చెన్నై తీసుకెళ్దామనుకునేలోపే చనిపోయింది. ఆ కుర్రాడు ఏడ్చాడు. నిర్లక్ష్యం మనిషి కాదతను, ఖర్చుకీ వెనకాడలేదు.

దీనికి తోడు ఇంకో లెక్క వేసుకోండి. బాల్ పైథాన్ సరిగ్గా చూస్తే 20 నుంచి 30 ఏళ్లు బతుకుతుంది. మీ బాబు ఇంటర్‌కి హాస్టల్‌కి వెళ్తాడు, తర్వాత ఇంజనీరింగో మెడిసినో, తర్వాత ఉద్యోగం. దానికి ఎలుక పెట్టేది ఎవరు? మీరే. చచ్చిన ఎలుకల్ని ఫ్రీజర్‌లో పెట్టి, తీసి, గోరువెచ్చగా చేసి, పటకారుతో అందించాలి. మీ అత్తగారు ఉన్న ఇంట్లో, వంట సామాను పెట్టే ఫ్రిజ్‌లో అది ఎంతవరకు కుదురుతుందో మీకే తెలుసు. తినని రోజులు కూడా ఉంటాయి. ఈ పాము ఆరోగ్యంగా ఉండి కూడా నెలల తరబడి తిండి మానేస్తుంది, అప్పుడు మీకు పట్టే టెన్షన్ వేరే.

కార్న్ స్నేక్ అనే అమెరికా పాము కొంచెం మొండిది, తిండి దగ్గర పేచీ తక్కువ, సైజూ చిన్నది. బాబు పెద్దవాడై, తన సంపాదనతో, తన ఇంట్లో పెంచుకుంటానంటే నేను మొదట దాని గురించే చెప్తాను. అయితే అది సందు దొరికితే జారుకునే పాము. అపార్ట్‌మెంట్‌లో అది పక్క ఫ్లాట్ బాత్‌రూమ్‌లో తేలితే వాళ్లకి అది అమెరికాదో కట్లపామో తెలియదు, కర్ర తీసుకుంటారు.

చేత్తో పట్టుకోబోయాడన్న మాట

మీ ప్రశ్నలో నన్ను భయపెట్టింది ఈ ఒక్క మాటే. పెంచడం గురించి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు, ఇది మాత్రం ఈ రోజే బాబుతో మాట్లాడండి.

2009 ఆగస్టులో నాతో పాటు పాములు పట్టే మిత్రుడొకరు మంగళగిరి వైపు ఒక ఇంటికి వెళ్లారు. అప్పటికి ఆయనకి పన్నెండేళ్ల అనుభవం. మంచం కింద నల్లటి పాము, ఒంటి మీద తెల్ల పట్టీలు. చిన్నది. వోల్ఫ్ స్నేక్ అనుకున్నారు. అది విషం లేని పాము, గోడలు ఎక్కి బల్లుల్ని తింటుంది, అచ్చం కట్లపాములాగే ఉంటుంది. చేత్తో ఎత్తి సంచిలో వేస్తుంటే వేలి మీద చిన్నగా కొరికింది. నొప్పి లేదు, వాపు లేదు. ఇంటికెళ్లి అన్నం తిని పడుకున్నారు. రాత్రి రెండింటికి కడుపునొప్పి, వాంతి. తెల్లవారేసరికి కనురెప్పలు ఎత్తలేకపోయారు, మాట ముద్దగా వస్తోంది. అది కట్లపామే. అయిదు రోజులు వెంటిలేటర్ మీద ఉండి బతికారు. మళ్లీ పాము ముట్టలేదు.

పెద్ద కట్లపాముకి తెల్ల పట్టీలు సన్నగా, జంటలు జంటలుగా ఉంటాయి, మెడ దగ్గర కనిపించీ కనిపించకుండా మొదలై తోక వైపు స్పష్టమవుతాయి. వోల్ఫ్ స్నేక్‌కి మెడ దగ్గరే వెడల్పుగా మొదలై తోక వైపు మాసిపోతాయి. కట్లపాము వెన్ను మీద నడిమి వరస పొలుసులు పెద్దవిగా, ఆరు పలకలుగా ఉంటాయి. ఇవన్నీ మీ బాబుకి ఇప్పటికే తెలిసి ఉండవచ్చు. నా మిత్రుడికి నాకంటే బాగా తెలుసు. కానీ పిల్ల కట్లపాముకి పట్టీలు ముందు నుంచే స్పష్టంగా ఉంటాయి, మంచం కింద చీకటిగా ఉంటుంది, చుట్టూ జనం అరుస్తుంటారు. పుస్తకంలో గుర్తుపట్టడం వేరు, చేతిలోకి తీసుకునేంత నమ్మకంగా గుర్తుపట్టడం వేరు. పద్దెనిమిదేళ్లు నిండి, ఒక పద్ధతిగా శిక్షణ తీసుకునేదాకా, ఎంత తెలిసిన పామైనా ఆరడుగుల దూరం. ఈ నియమానికి మినహాయింపు లేదని బాబు చేత ఒప్పించుకోండి. పాముల సంగతి బాగా తెలిసినవాళ్లందరూ చేసేది చూడటమే, పట్టుకోవడం తప్పనిసరైనప్పుడు మాత్రమే.

మన జిల్లాల్లో జాగ్రత్తపడాల్సినవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, మెట్ట నేలల్లో, ముఖ్యంగా పల్నాడు వైపు కనిపించే చిన్న పింజర. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుకి ఏటా సగటున 58,000 మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం లెక్క తేల్చింది. వాళ్లలో ఎక్కువమంది పల్లెల్లో పొలం పనులు చేసుకునేవాళ్లే. 2018 వానల్లో దివిసీమలో పాముకాట్లు ఎక్కువై మోపిదేవిలో సర్పశాంతి హోమం కూడా చేయించారు, మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లో అవనిగడ్డ వైపు నేనూ రెండుసార్లు వెళ్లాను. ఎలుకల వెంట పాములు, కోతకీ నాట్లకీ వంగిన చేతులు, రాత్రి గట్ల మీద చెప్పులు లేని కాళ్లు. జనం పూజకీ వచ్చారు, నేను చెప్పింది కూడా విన్నారు. టార్చి, బూట్లు, మంచం, దోమతెర. కట్లపాము కాట్లు ఎక్కువగా నేల మీద పడుకున్నవాళ్లకే పడతాయి.

కాటు పడితే చేయాల్సింది కొంచెమే. ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసేయాలి. కాటు పడ్డ కాలో చెయ్యో కదలకుండా ఉంచాలి. గట్టిగా తాడు కట్టకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు, పాముని వెతుకుతూ టైమ్ పోగొట్టకూడదు. 108కి ఫోన్ చేసి, యాంటీవెనమ్ (పాము విషానికి విరుగుడు మందు), వెంటిలేటర్ రెండూ ఉన్న పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి. పిల్లలకి మందు తగ్గించి ఇవ్వరు, పాము దించిన విషం పిల్లాడికైనా పెద్దకైనా ఒకటే కాబట్టి. నొప్పి లేదు కదా అని ఇంట్లో ఉండిపోవద్దు, నా మిత్రుడు చేసిన పొరపాటు అదే.

మరి బాబు ఏం చేయాలి?

ఇక్కడి నుంచి నాకు సంతోషంగా రాసే భాగం.

నీరుకట్ట చచ్చిపోయాక మా నాన్న నన్ను కొట్టలేదు. మా చేల గట్ల మీద ఎలుకలు పట్టే యానాది తాత ఒకాయన ఉండేవాడు, ఆయన దగ్గరికి తీసుకెళ్లి, "వీణ్ని నీతో తిప్పుకో" అన్నాడు. రెండు వేసవులు ఆ తాత వెనక తిరిగాను. ఒక్క పాముని కూడా నా చేతికి ఇవ్వలేదు. బొరియలు చూపించేవాడు. వాకిట్లో సాలెగూడు ఉంటే లోపలికి ఎవరూ పోలేదని అర్థం. అంచు నున్నగా అరిగి ఉంటే ఎవరో రాకపోకలు సాగిస్తున్నారు. కొత్త మట్టి బయటికి పడి ఉంటే ఎలుక, ఎందుకంటే పాము తవ్వుకోదు, ఇంకొకరు తవ్విన ఇంట్లో ఉంటుంది. దుమ్ములో జాడ చూసి ఎటు పోయిందో, ఎంత లావుందో చెప్పేవాడు. నేను ఆ తర్వాత చదివిన పుస్తకాలు ఎన్నో ఉన్నాయి, ఆ రెండు వేసవుల్లో నేర్చుకున్నంత వాటిలో దొరకలేదు.

మీ బాబుకి ఒక లావుపాటి నోటు పుస్తకం కొనివ్వండి. చూసిన ప్రతి పాముకీ ఒక పేజీ. తేదీ, టైము, చోటు, వాన పడిందా ఎండ కాసిందా, ఏం చేస్తోంది, ఎంతసేపు చూశాడు, ఒక బొమ్మ. బొమ్మలు వేస్తాడన్నారు కదా, అది పెద్ద వరం. ఫోటో తీస్తే కన్ను వదిలేస్తుంది, బొమ్మ వేయాలంటే పొలుసు పొలుసూ చూడాలి. కుబుసం దొరికితే అక్కడే స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసుకోవాలి, ఇంటికి తేవద్దు. కుబుసం తల భాగం చెడకుండా ఉంటే పాము పేరు చెప్పేయవచ్చు, కంటి మీది పొర కూడా అందులో అద్దంలా ఊడి వస్తుంది. ఐనాచురలిస్ట్ అనే యాప్‌లో ఫోటోలు పెడితే తెలిసినవాళ్లు పేరు సరిచూస్తారు.

మీ పూలకుండీల్లోనే మొదలుపెట్టవచ్చు. తడి మట్టి తిరగేస్తే నల్లగా, వానపాములా, నిగనిగలాడుతూ జానెడు కూడా లేని గుడ్డిపాము కనిపిస్తుంది. చీమల గుడ్లు, చెదపురుగులు తింటుంది. ఈ జాతిలో మగవి లేవు. ఉన్నవన్నీ ఆడవే, జత లేకుండానే గుడ్లు పెడతాయి. పూలకుండీల మట్టితో ఓడలెక్కి ప్రపంచమంతా పాకింది. చూసి, బొమ్మ వేసుకుని, మట్టి కప్పేయమనండి.

వేసవిలో అదృష్టం బాగుంటే రెండు పాములు పెనవేసుకుని ఒంటిని పైకెత్తి ఊగడం కనిపిస్తుంది. జెర్రిపోతూ తాచూ జత కట్టాయంటారు మనవాళ్లు. అవి రెండూ మగ జెర్రిపోతులు, బలం తేల్చుకుంటున్నాయి. నేను 2014 వేసవిలో నల్లపాడు దగ్గర నలభై నిమిషాలు నిలబడి చూశాను. ఓడింది పక్కకి తప్పుకుంది, రెండింటిలో దేనికీ గాయం లేదు.

తెలుగు పిల్లాడిగా బాబు గర్వపడాల్సిన సంగతి ఒకటి చెప్తాను. రక్తపింజరని ప్రపంచమంతా రసెల్స్ వైపర్ అంటుంది. ఆ రసెల్ 1780లలో విశాఖపట్నంలో ఉండి, మన కోరమాండల్ తీరపు పాముల్ని చూసి, 1796లో బొమ్మలతో పుస్తకం వేసిన స్కాట్లాండ్ డాక్టరు. ఇక్కడి జనం పాముల్ని ఏమని పిలిచేవారో ఆ పేర్లే రాసుకున్నాడు. రక్తపింజరకి ఆయన రాసిన పేరు "కాటుక రేకుల పొడ". ఒంటి మీద కాటుకతో దిద్దినట్టుండే ఆ మచ్చల్ని చూస్తే ఆ పేరు పెట్టినవాళ్ల కన్ను ఎంత గొప్పదో తెలుస్తుంది. కట్లపాముల శాస్త్రీయ నామం బంగారస్ కూడా ఆయన రాసుకున్న మన తెలుగు "బంగారు పాము" నుంచి వెళ్లిందే. 

సెలవుల్లో ఒకసారి చెన్నై తీసుకెళ్లండి. గిండీలో స్నేక్ పార్కు ఉంది, 1972లో రోములస్ విటేకర్ మొదలుపెట్టింది. మహాబలిపురం దారిలో వడనెమ్మేలి దగ్గర మొసళ్ల పార్కు ఉంది. అక్కడే ఇరుళ్ల సహకార సంఘం 1978 నుంచి పాముల విషం తీసి యాంటీవెనమ్ కంపెనీలకు ఇస్తోంది. ఇరుళ్లు మన యానాదుల్లాంటివాళ్లే, పాములు పట్టడం తరాల విద్య. తోళ్ల వ్యాపారం ఆగిపోయాక వాళ్లకి దొరికిన బతుకుతెరువు అది. వాళ్లలో ఇద్దరికి 2023లో పద్మశ్రీ వచ్చింది. పాముని పట్టి, కొద్ది రోజులు ఉంచుకుని, విషం తీసి, పొలుసు మీద గుర్తు పెట్టి మళ్లీ వదిలేస్తారు. మన ఆసుపత్రిలో ప్రాణం పోసే మందు వాళ్ల చేతుల మీదుగానే మొదలవుతుంది. పాముల్ని ఉంచే ఆ మట్టి కుండల వరస ముందు నేను మొదటిసారి నిలబడినప్పుడు నా చిన్ననాటి కుండే గుర్తొచ్చింది. అంత దూరం కుదరకపోతే విశాఖ, తిరుపతి జూలు ఉన్నాయి. 

ఇంట్లో ఏదో ఒక ప్రాణిని చూసుకోవాలన్న ఆరాటం ఉంటే చేపల తొట్టి పెట్టించండి. రెండేళ్లు ఒక్క చేప కూడా నిర్లక్ష్యం వల్ల చావకుండా చూసుకోగలిగాడంటే వాడికి ఓపిక ఉన్నట్టు. వారం వారం నీళ్లు మార్చడం, వేడి కొలవడం, సెలవులకి ఊరెళ్తే ఎవరికి అప్పగించాలో ఆలోచించడం. పాముకైనా కావలసింది ఇదే.

పై చదువులంటే ఇంటర్‌లో బైపీసీ తీసుకుంటే దారులు ఉన్నాయి. మీ పక్కనే గన్నవరంలో వెటర్నరీ కాలేజీ ఉంది. పాముకి వైద్యం చేయగల డాక్టర్ మన రెండు ఊళ్లలో ఒకరు తయారైతే నాలాంటివాళ్లకి ఎంత అండో చెప్పలేను. పరిశోధన వైపు అయితే డెహ్రాడూన్‌లో వన్యప్రాణి సంస్థ ఉంది.

అత్తగారి మాట

ఆవిడతో వాదించవద్దు. పాముని దేవుడిగా చూసే ఇంట్లో పాముల మీద ప్రేమ ఉన్న పిల్లాడు పుట్టడం దోషం ఎందుకవుతుందని మెల్లగా అడగండి. మా అమ్మ కూడా బతికినన్నాళ్లూ నాగుల చవితికి పుట్ట దగ్గరికి వెళ్లింది, నేనూ వెంట వెళ్లేవాణ్ని. ఒక ఏడాది ఆవిడకి చెప్పాను, ఈ పుట్ట చెదలు కట్టింది, పాము చల్లదనానికి వచ్చి ఉంటుంది, లోపలికి పాలు పోస్తే అది ఉక్కిరిబిక్కిరై బయటికి వస్తుందని. అప్పటి నుంచి పాలు పుట్ట పక్కన చిన్న ప్రమిదలో పెట్టి, చిమ్మిలి, చలిమిడి నైవేద్యం పెట్టి దండం పెట్టుకునేది. మీ అత్తగారికి ఇలా చెప్పే పని మీ బాబుకే అప్పగించండి. మనవడు చెప్తే వింటారు.

ఇంటికి పాము వస్తే నాలాంటివాళ్లని పిలిపించి, దూరంగా నిలబడి చూడనివ్వండి. పట్టినదాన్ని ఎక్కడో యాభై కిలోమీటర్ల అవతలి అడవిలో వదలమని మాత్రం పట్టుబట్టకండి. చాలామంది అదే అడుగుతారు. పాముకి తన చోటు తెలుసు, నీళ్లెక్కడో బొరియ ఎక్కడో తెలుసు. దూరం తీసుకెళ్లి వదిలితే దారి తెలియక తిరిగి తిరిగి వాహనాల కిందో ముంగిసకో పోతుంది. దగ్గర్లోనే, జనం తిరగని చోట వదలడమే దానికి మేలు.

ఇంకొక్కటి. ఏలూరు కాలువ గట్టున మీ బాబు చూసిన పసుపూ నలుపూ గళ్ల పాము, మీరు చెప్పినదాన్ని బట్టి నీరుకట్టే. నేను కుండలో పెట్టినదీ అదే జాతి. విషం లేదు గానీ కోపం ఎక్కువ, దగ్గరికి పోతే మెడ వెడల్పు చేసి తాచులా బెదిరిస్తుంది, అలా చేసినందుకే తాచు అనుకుని చాలామంది చంపేస్తారు. దాని కంటి కింద ఒకటి, కంటి వెనక ఒకటి, రెండు నల్లటి గీతలు వాలుగా ఉంటాయి. ఈసారి ఆరడుగుల దూరం నుంచి ఆ రెండు గీతలు కనిపించాయేమో చూసి బొమ్మ వేయమనండి. వేశాక ఇక్కడ పెట్టండి, నేను చూస్తాను.